రొట్టెల పండుగలో తప్పిపోయినవారి కౌంటరు: నా ఇంటర్న్‌షిప్ అనుభవం

2024 జులై 17 నుంచి 21 వరకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగిన ఐదు రోజులూ నేను అక్కడే ఉన్నాను గానీ, స్వర్ణాల చెరువు నీళ్లలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఘాట్లకు కాస్త ఎడంగా వేసిన రేకుల షెడ్డులో, ఒక మైకు, రెండు రిజిస్టర్లు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఎంత ఊదినా పోని దుమ్ముతో నిండిన ఒక బల్ల ముందు కూర్చుని, తప్పిపోయినవారి వివరాలు రాసుకోవడం, వాటిని మైకులో చదవడం నా పని. పండుగకు వెళ్లివచ్చానని చెప్పుకోవడానికి నాకు సాక్ష్యంగా మిగిలింది కళాశాలకు సమర్పించిన లాగ్‌బుక్కు ఒక్కటే. అందులో ఒక్కో రోజుకు ఆరు గీతలే ఉన్నాయి కాబట్టి, అక్కడ పట్టని సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

డిగ్రీలో రెండో ఏడాది పూర్తయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. మా తరగతిలో చాలామంది ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ కోర్సులతో ఆ తతంగం ముగించారు. మాది కోవూరు, పెన్న వంతెన దాటితే నెల్లూరే కాబట్టి, రోజూ వెళ్లిరావడానికి వీలుగా, సభలకూ ఉత్సవాలకూ మైకులు, తెరలు, బోర్డులు ఏర్పాటు చేసే ఒక సంస్థలో నేను చేరాను. పండుగ ఏర్పాట్ల పెద్ద టెండరు మరెవరికో దక్కితే, అందులో బోర్డులు, మైకుల పని కొంత సబ్ కాంట్రాక్టుగా ఈ సంస్థకు వచ్చింది. "ఏసీ కింద కూర్చునే పని యాడా దొరకలేదా అమ్మే?" అని మా నాన్న అడిగారు. జీతం ఉండదని, దారి ఖర్చులు మాత్రం ఇస్తారని నేను చెప్పినప్పుడు ఆయన ఇంకేమీ అనకుండా పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆ దారి ఖర్చులు కూడా సగమే వచ్చాయన్న సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

పండుగకు పది రోజుల ముందు నాకు అప్పగించిన మొదటి పని రొట్టెల బోర్డులు. చెరువులో ఎవరు ఏ రొట్టె కోసం ఎక్కడ నిలబడాలో తెలియడానికి విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సౌభాగ్య రొట్టె, ధన రొట్టె, గృహ రొట్టె, విదేశాలకు వెళ్లగోరే వారికి వీసా రొట్టె అని పెద్ద అక్షరాలతో బోర్డులు రాయించి, సరుగుడు బాదులకు బిగించి నిలబెడతారు. కోరిక ఉన్నవారు ఆ బోర్డు దగ్గర నీళ్లలో నిలబడి, ఇదివరకే ఆ కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె పట్టుకొంటారు. తీరిన తర్వాత మళ్లీ వచ్చి అదే పేరు రొట్టెను మరొకరికి వదులుతారు. పట్టడం, వదలడం అనే ఈ రెండు మాటలే అక్కడ వినిపిస్తాయి తప్ప, తీసుకోవడం, ఇవ్వడం అని ఎవరూ అనరు. చూడడానికి అన్నీ గోధుమపిండి చపాతీలే. ఈ చేతి నుంచి ఆ చేతికి మారేటప్పుడు పలికే పేరును బట్టే ఒకటి ఉద్యోగ రొట్టె అవుతుంది, ఇంకొకటి సంతాన రొట్టె అవుతుంది. అందువల్ల బోర్డు మీద అక్షరం తప్పు పోవడం అంటే దుకాణం పేరులో తప్పు పోవడం వంటిది కాదని మా సూపర్‌వైజరు సారు రెండుసార్లు చెప్పారు.

అంత చెప్పిన తర్వాతా తప్పు జరిగింది. పేర్లను నేను ఫోనులో టైపు చేసి వాట్సాప్‌లో పంపించాను. ఫ్లెక్సు వేసే కుర్రవాడు వాటిని అలాగే కాపీ చేసి ఫొటోషాప్‌లో అతికించాడు. ఫోనులో నిక్షేపంగా కనిపించిన ఒత్తులన్నీ అక్కడ విడిపోయి, ఉద్యోగంలోని ద్యో కాస్తా 'ద్'గా, 'యో'గా చీలిపోయింది. సౌభాగ్యంలోని గ్య పరిస్థితీ అంతే. తెలుగు ఒత్తులను కూర్చడం తెలియని పాత వెర్షన్లలో యూనికోడు అక్షరాలకు ఈ గతే పడుతుందట. అందుకే మన డీటీపీ వారిలో చాలామంది ఇప్పటికీ యూనికోడు కాని అను ఫాంట్లలో మళ్లీ మొదటి నుంచి టైపు చేసుకొంటారు. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసిన ఆ కుర్రవాడికి తీరిక లేదు. ప్రూఫు చూడవలసిన మనిషి పెళ్లికి వెళ్లారు. నాలుగడుగుల ఫ్లెక్సులు ఆరు ముద్రణ పూర్తయి, చుట్టలు చుట్టి ఆటోలో వచ్చిన తర్వాత, విప్పి చూసిన మైకు అన్న, "ఉద్ యోగమా? ఈ ఉద్యోగం రెండు ముక్కలయి వచ్చిందే!" అన్నాడు. మళ్లీ వేయించారు. ఆ ఖర్చు ఎవరి లెక్కలో పడిందో నాకు చెప్పలేదు గానీ, నా దారి ఖర్చులు సగానికి తగ్గిన కారణం అక్కడే ఉందని నా అనుమానం.

మైకు అన్న అని నేను రాస్తున్న ఆయనకు ఈ పనిలో ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. ఆంప్లిఫయరు మీద చెయ్యి వేసి, వేడిని బట్టి అది ఇంకెంత సేపు నిలుస్తుందో చెప్పగలడు. చెరువు గట్టు వెంట దూరదూరంగా కట్టిన హారన్ల సంగతి ఆయన దగ్గరే నేర్చుకొన్నాను. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఒక హారను కింద నిలబడినవారికి దాని మాట వెంటనే వినిపిస్తే, అక్కడికి 170 మీటర్ల దూరంలో ఉన్న హారను నుంచి అదే మాట అర సెకను ఆలస్యంగా వచ్చి మీద పడుతుంది. మనం గబగబా చదువుకుంటూ పోతే రెండో మాట మీద మొదటి మాట ఎక్కి, గట్టున ఉన్నవారికి ఏదో గోల తప్ప పేరు వినిపించదు. దీనికి ఆయన చెప్పిన విరుగుడు చాలా సులువు: ఒక ముక్క చెప్పి ఆగాలి, మనసులో ఒకటి, రెండు అనుకోవాలి, ఆ తర్వాతే ఇంకో ముక్క చెప్పాలి. "ఉరకబాక అమ్మే. నువ్వు ఉరికితే నీ మాటే నిన్ను తరుముకుంటా వస్తది" అని ఆయన అన్న మాటను నేను రిజిస్టరు అట్ట లోపలి వైపు రాసుకొన్నాను. జులైలో నెల్లూరులో పగలంతా పడమటి గాలి విసురుతుంది. గాలి వెళ్లే వైపు మాట బాగా సాగుతుంది, గాలికి ఎదురుగా సాగదు. అందుకని మధ్యాహ్నం కొన్ని హారన్ల మూతులను ఆయన నిచ్చెన వేసుకొని మరీ తిప్పించాడు.

మా షెడ్డులో మైకు ఖాళీగా ఉన్నప్పుడు దర్గా చరిత్ర చెప్పే రికార్డింగు నడిచేది. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో అమరులైన 12 మంది వీరుల మొండేలను వారి గుర్రాలే ఈ చెరువు గట్టుకు మోసుకొచ్చాయని, అక్కడే సమాధులు వెలిశాయని, గట్టున బట్టలు ఉతికే రజక దంపతులకు ఆ వీరులు కలలో కనిపించి, జబ్బుతో మంచాన ఉన్న ఆర్కాటు నవాబు భార్యకు సమాధుల దగ్గరి మట్టి పూస్తే నయమవుతుందని చెప్పారని, నయమైన తర్వాత నవాబు దంపతులు ఇక్కడికి వచ్చి మొక్కు తీర్చుకొని రొట్టెలు పంచుకొన్నారని అందరూ చెప్పుకొనే కథే అది. మొదటి రోజు నేను దానిని భక్తిగా విన్నాను. మూడో రోజుకు, గుర్రాలు గండవరం నుంచి బయలుదేరే చోట నీళ్ల సీసా అందుకొని, నవాబు గారు రొట్టె తుంచే చోట మైకు బటను మీద వేలు పెట్టడం అలవాటైపోయింది.

మొహర్రం నెల పదో రోజైన 17వ తేదీ బుధవారం పండుగ మొదలైంది. మాకు ఇచ్చిన ఫారంలో పేరు, వయసు, ఊరు, భాష, బట్టల రంగు, ఎక్కడ విడిపోయారు, ఫోను నంబరు అనే గడులు ఉన్నాయి. చూడడానికి అన్నీ సరిపోయినట్టే ఉండేవి. పది మందితో మాట్లాడేసరికి, ఈ గడుల్లో ఏదీ అనుకొన్నంత తేలిక కాదని తెలిసింది.

బట్టల రంగునే తీసుకోండి. ఉదయం పదకొండు గంటలప్పుడు ఒక పెద్దాయన వచ్చి తన భార్య కనిపించడం లేదని, పచ్చ చీర కట్టుకొందని చెప్పారు. నేను ఆకుపచ్చ చీర అని చదివాను, మూడుసార్లు చదివాను. అరగంట తర్వాత ఆమె తానే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒంటి మీద ఉన్నది పసుపు రంగు చీర. ఆమె ఆ అరగంటా ఒక హారను కిందే నిలబడి, తన ఊరు వినిపించినా చీర తనది కాదు కదా అని ఊరుకొన్నారట. "పచ్చ అన్నానమ్మా, పసుపు పచ్చ. నువ్వు ఆకును ఎందుకు కలిపావు?" అని పెద్దాయన నన్ను నిలదీశారు. తప్పు నాదే. పచ్చ అనే మాట ఒక ఇంట్లో పసుపు, ఇంకో ఇంట్లో ఆకుపచ్చ అని నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనే అమ్మకు ఒకటి, నానమ్మకు ఇంకొకటి. అప్పటి నుంచి పచ్చ అని ఎవరు చెప్పినా, "అరటి ఆకు పచ్చా, అరటి పండు పచ్చా?" అని అడగడం మొదలుపెట్టాను. నవ్వులాటగా అనిపించిన ఆ ప్రశ్నే ఐదు రోజుల్లో నాకు ఎక్కువగా పనికి వచ్చింది.

రంగు కుదిరినా చీర కుదరని సందర్భాలు శుక్రవారం ఎదురయ్యాయి. 19వ తేదీ రొట్టెల పండుగ అసలు రోజు. తెల్లవారక ముందు నుంచే ఘాట్లు నిండిపోయాయి. ఒక ఇల్లాలి కోసం ఆమె చెల్లెలు వచ్చి, వంగపండు రంగు చీర, ఎర్ర అంచు, చేతిలో స్టీలు డబ్బా అని చక్కగా చెప్పింది. అంత వివరంగా చెప్పినవారు అంతకు ముందు ఎవరూ లేరు కాబట్టి నేను ధీమాగా చదివాను. గంట గడిచినా ఎవరూ రాలేదు. చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న మహిళా కానిస్టేబుల్ ఆమెను ఊరడిస్తూనే ఒక్క ప్రశ్న అడిగారు: "ఆ చీర నీళ్లల్లో దిగకముందు కట్టిందా, దిగినాక కట్టిందా?" ఆ అమ్మాయి ఏడుపు ఆపి ఆలోచించింది. అక్క ఇంకా స్నానం చేయక ముందు విడిపోయారు. అంటే ఈపాటికి ఆమె నీళ్లలో దిగి, తడిసి, దుస్తులు మార్చుకొనే గదిలో వేరే చీర కట్టుకొని ఉంటుంది. ఆ చీర సంచిలో ఉంది. సంచి అక్క దగ్గర ఉంది. సంచిలో ఏ చీర పెట్టిందో చెల్లెలికి తెలియదు. నేను చీర మాట తీసేసి, ఊరు, పేరు, చెల్లెలి పేరు, కాలికి ఉన్న కట్టు చెప్పి చదివాను. పది నిమిషాల్లో వచ్చారు. నీలం చీరలో ఉన్నారు, జుట్టు ఇంకా కారుతోంది. ఆ రోజు సాయంత్రం ఫారంలో బట్టల రంగు గడి పక్కన మార్జిన్‌లో 'స్నానానికి ముందు / తర్వాత' అని పెన్నుతో రాసి, ఆ కాగితాన్నే జిరాక్సు తీయించుకొచ్చాను. సంస్థ వారు ఆ జిరాక్సుకు డబ్బులిచ్చారు. ఇది మాత్రం న్యాయంగా చెప్పాలి.

ఫోను నంబరు గడి సంగతి ఇంకా విచిత్రం. అంత జనంలో నెట్‌వర్క్ అందక కాల్స్ కలవకపోవడం ఒక ఎత్తు. అసలు ఫోను ఎవరి దగ్గరా ఉండకపోవడం ఇంకో ఎత్తు. ఒక కుటుంబంలో ఎనిమిది మంది వస్తే, ఏడుగురు నీళ్లలో దిగుతారు. ఏడుగురి ఫోన్లు, చెప్పులు, పర్సులు గట్టున ఎనిమిదో మనిషి ఒడిలో ఉంటాయి. ఆ ఎనిమిదో మనిషి, చాలాసార్లు ఇంటి పెద్దావిడ, ఎండ ఎక్కువై నాలుగు అడుగులు పక్కకు జరిగి నీడలో కూర్చుంటే, ఏడుగురూ ఒక్కసారిగా దిక్కులేనివారవుతారు. మా దగ్గరకు వచ్చి, తడి బట్టలతో వణుకుతూ, "ఫోను నంబరు చెప్పండి" అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. సొంత నంబరు తప్ప ఇంట్లోవారి నంబరు ఎవరికీ నోటికి రాదు. సొంత నంబరుకు మోగిస్తే మోగేది ఆ పెద్దావిడ ఒడిలోనే, ఆమెకేమో ఫోను ఎత్తడం రాదు. ఒక కుటుంబం విషయంలో మేము ఇరవై నిమిషాలు వరుసగా మోగించగా, చివరికి ఎవరో పక్కనున్న కుర్రవాడు విసుగొచ్చి ఎత్తి, "ఈమె ఎత్తదు సార్, నేను ఎత్తినాను" అన్నాడు.

ఇక పేరు గడి. నెల్లూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. కసుమూరు మస్తాన్‌వలీ దర్గా మీద ఉన్న నమ్మకం వల్ల మా జిల్లాలో హిందువుల ఇళ్లలోనూ, ముస్లింల ఇళ్లలోనూ మస్తాన్, మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు కొల్లలు. మస్తానమ్మ గారు ఎక్కడున్నా సమాచార కేంద్రానికి రావాలని నేను మొదటి రోజు చదివినప్పుడు నలుగురు వచ్చారు. వారిలో మేము పిలిచిన మస్తానమ్మ లేరు. వచ్చిన నలుగురూ కాసేపు కబుర్లు చెప్పుకొని, ఒకరినొకరు ఏ ఊరని అడిగి తెలుసుకొని మరీ వెళ్లారు.

గంధం రాత్రి గురించి రాయకపోతే ఈ అనుభవం పూర్తి కాదు గానీ, ఆ రాత్రి నేను గంధాన్ని చూడలేదు. 18వ తేదీ రాత్రి కోటమిట్ట నుంచి 12 బిందెలతో గంధం ఊరేగింపుగా బయలుదేరి, అర్ధరాత్రి దాటిన తర్వాత దర్గాకు చేరుతుంది. కడప అమీన్‌పీర్ దర్గా పీఠాధిపతుల చేతుల మీదుగా సమాధులకు లేపనం చేసిన తర్వాత భక్తులకు పంచుతారు. రాత్రి తొమ్మిదింటికి నన్ను బయటికి పంపించారు. వైర్‌లెస్ మైకు బ్యాటరీలు, తమిళంలో చదవవలసిన ప్రకటనల కాగితం తీసుకురావాలి. తీసుకొని తిరిగి వచ్చేసరికి బారికేడ్లు మూసేశారు. నా మెడలోని పాసు మీద ఫొటో ఉంది, సంస్థ పేరు ఉంది, ఉండవలసిన సీలు మాత్రం లేదు. సీలు లేకుండానే పాసులన్నీ పంచేసి, ఎవరూ ఆపరులే అని మా సంస్థ వారు ధైర్యం చెప్పారు. నన్ను ఆపిన పోలీసాయన తప్పేమీ లేదు. "సీలు లేకుండా వదిలితే రేపు నా ఉద్యోగానికి సీలు వేస్తారమ్మా" అన్నారు. మా సారుకు ఫోను కలవలేదు. సుమారు రెండు గంటలు, చేతిలో ఎనిమిది బ్యాటరీలు, తమిళ కాగితంతో నేను రోడ్డు మీద నిలబడ్డాను. లోపల నుంచి హారన్లలో మైకు అన్న గొంతు వినిపిస్తోంది. ఒక ముక్క, ఆగడం, ఇంకో ముక్క. అన్నకు తమిళం రాదు. తమిళనాడు నుంచి వచ్చిన ఎవరో తప్పిపోయారని తెలుగులోనే చదువుతున్నాడు. రోడ్డు పక్క టీ బండి దగ్గర నిలబడిన తమిళ కుటుంబం ఒకటి ఆ మాటలు వింటూ, ఊరి పేరు ఒక్కటి అర్థమై, తలలు ఎత్తి చూసింది. వారి మనిషి కాదు. అయినా వారు ఆ కాగితం నా చేతిలో చూసి, చదివి వినిపించి, రెండు మాటలు సరిచేసి ఇచ్చారు. పన్నెండున్నరకు ఎవరో గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్లేసరికి, కాగితం మీద చాయ్ మరక, మెరుగైన తమిళం రెండూ ఉన్నాయి.

అన్నింటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది శనివారం మధ్యాహ్నం వచ్చిన పిల్లవాడు. ఐదేళ్లుంటాయి. పారిశుద్ధ్య కార్మికురాలు ఒకావిడ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఏడవడం లేదు, బిస్కెట్టు పెడితే తిన్నాడు. పేరు అడిగితే ఏదో ముద్దుపేరు చెప్పాడు. ఊరు ఏదని అడిగితే కాసేపు చూసి "మనె" అన్నాడు. నేను ఊరు గడిలో 'మనె' అని రాశాను. ఎవరితో వచ్చావంటే "అజ్జి" అన్నాడు; అదీ రాశాను. మనె అనే ఊరు ఏ జిల్లాలో ఉందో అని ఫోనులో వెతుకుతున్నాను కూడా. మంచినీళ్ల కోసం అటుగా వచ్చిన కర్ణాటక భక్తురాలు ఒకామె ఆ కాగితం చూపిస్తే పకపకా నవ్వింది. మనె అంటే కన్నడంలో ఇల్లు; అజ్జి అంటే అవ్వ. నీది ఎక్కడ అని అడిగితే వాడు ఇల్లు అని సరిగ్గానే చెప్పాడు. ప్రశ్న కూడా వాడికి అర్థమైంది. జవాబు అర్థం కానిది నాకే. ఆమె అక్కడే కూర్చుని వాడితో మాట్లాడి, తుమకూరు వైపు నుంచి వచ్చారన్న సంగతి రాబట్టి, తానే మైకులో కన్నడంలో చెప్పింది.

మైకులో ఆమె చెప్పేటప్పుడు కానిస్టేబుల్ మేడం వద్దని చేయి అడ్డుపెట్టి ఒక సంగతి ఆపించారు. వాడి మొలతాడుకు వెండి బిళ్ల ఒకటి ఉంది. దొరికిన పిల్లల విషయంలో ఒక గుర్తును మైకులో చెప్పకుండా మన దగ్గరే ఉంచుకోవాలి. వచ్చిన మనిషి నోటితో అది చెప్పిన తర్వాతే పిల్లవాడిని అప్పగించాలి. అన్నీ చెప్పేస్తే ఎవరైనా వచ్చి నా బిడ్డే అనవచ్చు. ఈ మాట మాకు ముందు ఎవరూ నేర్పలేదు, ఫారంలోనూ ఆ గడి లేదు. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెప్పాలని ఆమె నంబరు రాయించి పెట్టారు. ఆ అవసరం పడలేదు. ముప్పావు గంటకు అవ్వ వచ్చింది. చెప్పులు లేవు, కొంగు నేల మీద ఈడుస్తోంది. మేము గుర్తు అడగకముందే, వాణ్ణి చూడకముందే, నడుము దగ్గర చెయ్యి పెట్టి బిళ్ల అన్నట్టు వేళ్లు గుండ్రంగా చుట్టి చూపించింది. ఆధార్ కార్డు సంచిలో, సంచి ఇంకెవరి దగ్గరో. అది వచ్చేదాకా మేడం సంతకం పెట్టనివ్వలేదు. అంత సేపూ అవ్వ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకొని మా షెడ్డులోనే ఉంది. పిల్లవాడు ఇంకో బిస్కెట్టు అడిగాడు.

ఆదివారం జనం వచ్చారు గానీ మా పని తగ్గింది. చివరి రోజు వచ్చేవారు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లవారు. దారులు తెలిసినవారు, తప్పిపోయినా ఇంటికి పోయి కూర్చుంటారు. సాయంత్రం రిజిస్టర్లు అప్పగించాలి. తప్పిపోయినవారి రిజిస్టరులో ప్రతి పేరు ఎదుటా అప్పగించినట్టు సంతకమో, వేలిముద్రో ఉంది. ఒక్కటి ఖాళీగా ఉంటే వెతికాం. ఆ మనిషి దొరికిన సంతోషంలో ఇద్దరూ సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారని మైకు అన్న గుర్తుచేసి, తానే సాక్షిగా రాశాడు. తర్వాత నెలలో సంస్థ వారు ఇచ్చిన సర్టిఫికెట్టులో నేను గ్రాఫిక్ డిజైన్ నేర్చుకొన్నట్టు రాశారు. ఉద్యోగాన్ని రెండు ముక్కలు చేసిన మనిషికి అది కాస్త ఎక్కువే. రెండుసార్లు తిరిగి మార్పించుకొన్నాను.

రెండో రిజిస్టరు దొరికిన వస్తువులది. గొడుగులు, కళ్లజోళ్లు, ఒక పట్టీ, పిల్లల నీళ్ల సీసాలు, ఒక ఊతకర్ర. ఊతకర్రను మర్చిపోయి ఎలా నడిచి వెళ్లారో అని మేమందరం ఆశ్చర్యపడి, మంచిదే జరిగి ఉంటుందని అనుకొన్నాం. వరుసలో చివరిది స్టీలు టిఫిన్ డబ్బా. మూత తీస్తే గుడ్డలో చుట్టిన రెండు చపాతీలు. శుక్రవారం వచ్చినవి, గట్టిపడ్డాయి. నేను వస్తువు గడిలో 'స్టీలు డబ్బా 1, చపాతీలు 2' అని రాశాను. సరిచూస్తున్న కానిస్టేబుల్ మేడం చపాతీలు అన్న మాట కొట్టేసి రొట్టెలు అని దిద్దారు. "ఏ రొట్టెలు?" అని అడిగారు. డబ్బాను తిప్పి చూశాను. అడుగున ఎవరో పెళ్లి కానుకగా ఇచ్చినట్టు చెక్కిన అక్షరాలు ఉన్నాయి తప్ప ఇంకేమీ లేదు. ఎవరైనా పట్టినవో, ఎవరికీ వదలకుండా మిగిలిపోయినవో కూడా తెలియదు.

పారవేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పిల్లవాడిని తీసుకొచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలే, "ఇటివ్వమ్మే" అని రొట్టెలు రెండూ తీసుకొని, తుంచుకుంటూ మెట్లు దిగి చెరువులోకి వేసింది. నేను పై మెట్టు మీద నిలబడి చూశాను. చేపలు వచ్చాయి. డబ్బాను కడిగి తెచ్చి బల్ల మీద బోర్లించింది. వివరం గడిలో ఏమి రాయాలో తోచక, 'చేపలకు' అని రాయబోతుంటే, మేడం పెన్ను ఆపి, కిందికి జరిపి, నేను సంతకం చేయవలసిన చోటు చూపించారు.